బజారు పాడుపడిన రైతునకేమి నష్టము?

పట్టణపు బజారు వర్తకుల సొత్తనియు, అది వర్ధిల్లినను క్షీణించినను పల్లెలోని కృషీవలునకు వచ్చునదియు పోవునదియు లేదనియు మన సభ్యులలో పెక్కుమంది తలంచుచున్నారు. పురపాలక సంఘమువారు పట్టణాభివృద్ధినిగూర్చి యోచించునపుడు సహకార సంఘములను పిలుచుట యరుదు. పిలువకున్నందున మనము చిన్నబుచ్చుకొనుటయు లేదు. ఈ యుదాసీనత యుభయులకును హానికరమని మా నమ్మకము. బజారు రైతు చెమటచే పుట్టినది. రైతు విడిచినయెడల అది నిలువదు. అది నిలువనియెడల రైతు తన పంటకు ధర నడుగ దగిన చోటును పోగొట్టుకొనును. ఈ సంగతిని మన కన్నులయెదుటనున్న సూళ్ళూరుపేటను దృష్టాంతముగా గైకొని విచారింతము.

సూళ్ళూరుపేట కాళంగి యేటి యొడ్డున చెంగాళమ్మవారి యాలయము నానుకొని పెరిగిన యూరు. తూర్పున పులికాటు సరస్సు, దాని కావల శ్రీహరికోట దీవి. పూర్వము నెల్లూరు జిల్లాలోనిదై, 2022వ సంవత్సరమున తిరుపతి జిల్లా యేర్పడగా దానిలో చేరినది. పేరులోనే పేట యున్నది. పేట యనగా చుట్టుపల్లెలు సరకు దించి సరకెత్తుకొనిపోవు స్థలము. ఒకప్పు డీ తీరమున బకింగ్‌హాము కాలువపై పడవలలో ఉప్పు, వంటచెరకు, ధాన్యము చెన్నపట్టణమునకు పోవుచుండెను. 1899లో బెజవాడనుండి చెన్నపట్టణమునకు రైలు మార్గము సిద్ధమైన పిమ్మట సరకు క్రమముగా కాలువనుండి రైలుబాటకు మరలెను. తరువాత మోటారు లారీలు వచ్చినవి. మార్గములు మారినను మూలము మారలేదు. పల్లెల వరి, సరస్సులోని చేపలు రొయ్యలు, ఇసుక నేలల సరుగుడు, పెరటి కూరగాయలు, పాడి, వీనివలననే బజారు బ్రదికినది. పల్లెవాడు ధాన్యమమ్మి, ఆ సొమ్ములో కొంత అదే వీధిలో బట్టకును బెల్లమునకును నాగటి సామానునకును వెచ్చించి యిల్లు చేరుచుండెను. ఊరి సొమ్ము ఊరిలోనే ఒక చుట్టు తిరుగుచుండెను.

తరువాత నొక గొప్ప మార్పు వచ్చెను. 1969లో రాకెట్టు ప్రయోగ కేంద్రమునకు శ్రీహరికోటను ఎన్నిక చేసిరి. 1971 అక్టోబరు 9వ తేదీన రోహిణి యను చిన్న రాకెట్టుతో అచట ప్రయోగములు మొదలైనవి. 2002లో ఆ కేంద్రమునకు సతీష్ ధావన్‌గారి పేరు పెట్టిరి. సరస్సు మీదుగా దీవికి బాట పడుటచే సూళ్ళూరుపేట ఆ కేంద్రమునకు వాకిలియైనది. చంద్రునివద్దకు 2008లోను, అంగారకునివద్దకు 2013లోను, చంద్రుని దక్షిణ ధ్రువ ప్రాంతమునకు 2023లోను బయలుదేరిన నౌకలన్నియు ఈ వాకిటి యావలనుండియే యెగసినవి. ప్రయోగమునకు ముందు శాస్త్రజ్ఞులు చెంగాళమ్మవారిని దర్శించిపోవుట వాడుక. 2019 మార్చి 31 నుండి సామాన్య ప్రజలును దీవిలోని వీక్షణశాలలో కూర్చుండి ప్రయోగమును చూచుటకు వీలు కలిగినది. ఇంతటి కీర్తి గల వాకిలి భారతదేశమున మఱియొక చిన్న పట్టణమునకు లేదు.

కాని కీర్తి వేరు, కూడు వేరు. చూడవచ్చినవారు ఎక్కడ దిగుచున్నారు? ఏమి కొనుచున్నారు? చెన్నపట్టణమునుండి వచ్చు వాహనము జాతీయ రహదారిని విడిచి, ఊరిని దాటి, సరస్సు బాటపై దీవికి పరుగెత్తును. ప్రయోగము కాగానే వచ్చిన దారినే మరలిపోవును. అన్నపు పొట్లము, నీటి సీసా, బిడ్డలకు చిరుతిండి చెన్నపట్టణమునుండియే వారితో వచ్చును. వారు మనకు విడిచిపోవునది దుమ్మును, ఖాళీ సీసాలును. ఇది వారి తప్పు కాదు. ఆగుటకు నీడయు, వాహనము నిలుపుటకు చోటును, స్త్రీలకు మరుగుదొడ్డియు, చేతికి తీసికొన దగిన సరకును ఊరిలో కనబడనపుడు ఎవరాగుదురు?

ఇట్టి స్థితిని చూచి కొందరు వెంటనే చెప్పు మందేమన, ప్రధాన వీధిలో తోరణద్వారము, రంగుదీపములు, రాకెట్టు బొమ్మ, వీధి వెడల్పు. వీనిలో దోషమున్నదని మేమనము. పండుగనాడు గడపకు పసుపు రాచుట మంచిదే. ఇంటిలో గింజలు లేనపుడు గడప పసుపు ఆకలి తీర్చదు. సందర్శకులమీదనే ఆశ పెట్టుకొనువారు ఒక చిన్న లెక్క చూడవలెను. ఉపగ్రహములను మోసెడి రాకెట్టు శ్రీహరికోటనుండి మొదటిసారి 1979 ఆగస్టులో లేచినది. నూరవ ప్రయోగము 2025 జనవరి 29న జరిగినది. అనగా నలుబదియైదేండ్లకు పైబడిన కాలములో నూరు దినములు. ఏటికి సగటున రెండు మూడు దినములు. ఇటీవల ప్రయోగములు హెచ్చినవనుట నిజమే. అయినను ఏ సంవత్సరమునను పది దాటలేదు. ఇవికాక తమిళనాడులోని కులశేఖరపట్టణమున రెండవ ప్రయోగకేంద్రమునకు 2024 ఫిబ్రవరిలో శంకుస్థాపన జరిగినది; చిన్న రాకెట్లకు అది ఉద్దిష్టము. పులికాటునకు వచ్చు రాజహంసల పేర 2001లో మొదలైన పక్షుల పండుగయు మూడు దినముల సంబరమే. కొన్నియేండ్లు జరుగక 2025 జనవరిలో మరల జరిగినది. మూడు దినముల పండుగయు, పది దినముల ప్రయోగములును కలిపినను సంవత్సరములో మిగిలిన మూడువందల యేబది దినములు అంగడి తలుపు తెరచుకొని కూర్చున్నవాడెవరికొరకు కూర్చుండవలెను?

ఇచటనే మా ముఖ్యాభిప్రాయమును చెప్పెదము. బజారునకు ప్రాణము పండుగనాటి జనసమ్మర్దము కాదు. నిత్యము వచ్చు సామాన్యుని గిరాకి. ఆ సామాన్యుడు మనమే. సూళ్ళూరుపేట, తడ, దొరవారిసత్రము మండలముల పల్లెలవారు వారమునకొక పర్యాయము బజారులో నడిచినచో అది బ్రదుకును. నడువనిచో ఎన్ని దీపములు పెట్టినను చీకటియే. దూరపు కొండలు నునుపు. చెన్నపట్టణపు పెద్ద అంగళ్ళును, చేతి ఫోనులో చూపెడి బొమ్మల సరకును మనలను పిలుచుచున్నవి. ఒక్కొక్క వస్తువునకు పది రూపాయలు తగ్గునని మన మటు పోవుచున్నాము. ఆ పది రూపాయలను మాత్రమే లెక్కించి, దానివెంట పోవు దానిని లెక్కింపకున్నాము.

పోవునదేమో చూతము. మొదటిది, బేరమాడు శక్తి. ఊరిలో పదిమంది కొనువారున్నచోట వంకాయల గంపకు పది ధరలు పలుకును; ఒక్కడే యున్నచోట వాని మాటయే ధర. బజారులో చిల్లర వర్తకులు తగ్గినకొలది మన కూరగాయలకును పాలకును చేపలకును దళారియే దిక్కగును. రెండవది, పనిముట్ల మరమ్మతు. నాట్ల కాలమున మోటారు కాలిపోయిన, స్ప్రేయరు చెడిన, గంటలో బాగుచేయు చేయి దగ్గరనుండవలెను. ఆ చేయి ఫోనులో దొరకదు. బజారు క్షీణించిన మొదట లేచిపోవువాడు ఆ చిన్న మరమ్మతుదారే. మూడవది, మన బిడ్డల జీవనము. పొలము పంచుకొనలేని రెండవ కుమారుడు ఒకప్పుడు పేటలో చిన్న అంగడి పెట్టి బ్రదుకుచుండెను. ఆ దారి మూసికొనిన నాతడు ఊరు విడువవలసినదే. బజారు వర్తకుల సొత్తనువారు ఈ మూడు నష్టములను ఎవరి పద్దున వ్రాయుదురు?

ఇందుల కొక ఆక్షేపణ రాగలదు. “వర్తకులు తూకములో కోయలేదా? తరుగు తీయలేదా? అప్పిచ్చి పంటను కళ్ళములోనే కట్టుకొనలేదా? అట్టి బజారును మనమేల నిలుపవలె?” అని కొందరడుగుదురు. ఈ ప్రశ్న న్యాయమైనది. అందరు వర్తకులు నట్టివారు కాకున్నను, అట్టివారుండుట సత్యమే. కాని ఇల్లు కురిసిన కప్పు మార్చుకొందుము గాని యింటిని విడిచి చెట్టుక్రిందికి పోము. బజారులోని యన్యాయమునకు మందు బజారును విడుచుట కాదు. అందులో మన యంగడిని మనము పెట్టుట.

సహకారోద్యమము పుట్టినదే ఒక చిన్న పట్టణపు బజారు వీధిలోనని మన సభ్యు లెఱుగుదురుగాక. ఇంగ్లాండులోని రాచ్‌డేలను ఊరిలో, కూలి చాలక, కల్తీ సరకుతో విసిగిన ఇరువదియెనిమిది మంది, వారిలో కొందరు నేతపనివారు, కొద్దికొద్దిగా సొమ్ము కూడబెట్టి 1844 డిసెంబరు 21వ తేదీన ఒక వీధిలో అద్దె కొట్టు తెరచిరి. వారు మొదట అమ్మిన సరకు వెన్న, చక్కెర, గోధుమపిండి, ఓట్లపిండి, క్రొవ్వొత్తులు. మొదట వారమునకు రెండు సాయంకాలములే కొట్టు తెరచియుండెను. వారి నియమములు మాత్రము గట్టివి: కల్తీలేని సరకు, నిండు తూకము, రొక్కపు బేరము, ఒక సభ్యునకు ఒకే వోటు, మిగిలిన లాభమును ఎవరెంత కొనిరో దానినిబట్టి పంచుట. మన ప్రక్కనే చెన్నపట్టణమున తిరువల్లిక్కేణి సహకార భాండారము 1904లో మొదలై ఆ నగరవాసుల వంటయింటికి సరకందించినది. ఆ నగరము సూళ్ళూరుపేటకు రమారమి ఎనుబది కిలోమీటర్లు. అంత సమీపమున జరిగిన దానిని మన మింతకాలము చూచి మనలోనికి తెచ్చుకొనకపోవుట వింత.

మన వ్యవసాయ సహకార పరపతి సంఘములు అప్పు లిచ్చుటకును ఎరువు లమ్ముటకునే యున్నవని తలంచుట పాతమాట. 2023లో కేంద్రప్రభుత్వమువారు ప్రకటించిన మాదిరి ఉపవిధులను స్వీకరించిన ప్రాథమిక సంఘము పాడి, చేపలు, గిడ్డంగి, చౌకధరల దుకాణము, సేవాకేంద్రము మొదలైన యిరువదియైదింటికి పైగా పనులు చేయవచ్చును. దారి తెరువబడియున్నది, నడచువారు కావలెను. ఒక లెక్క వేసి చూతము. 600 కుటుంబములు గల సంఘ మొకటి యున్నదనుకొందము. ఒక్కొక్క కుటుంబము నెలకు 2,000 రూపాయల బియ్యము కాని యితర దినుసులను బజారులోని సంఘపుటంగడిలో కొనినయెడల నెలకు 12 లక్షలు, సంవత్సరమునకు 1 కోటి 44 లక్షల రూపాయల బేరమగును. ఖర్చులన్నియు పోగా నూటికి రెండు రూపాయలు మాత్రమే మిగిలినను 2 లక్షల 88 వేలు కొన్నవారికే తిరిగి వచ్చును. ఇది యూహించిన లెక్కయే. కాని మన చేతిలోని శక్తి యెంతటిదో దీనివలన తెలియును. ఒంటరిగా నిలిచిన 600 కుటుంబములు 600 మంది గిరాకీదారులు. కలిసిన 600 కుటుంబములు వీధిలో నొక పెద్ద వర్తకుడు.

కావున మా మొదటి సూచన యిది. బజారు నడివీధిలో, ఊరి వెలుపలి ఖాళీస్థలమున గాక జనము నడుచు చోటనే, చుట్టుపల్లెల సంఘములు కూడి ఒక కొట్టును అద్దెకు పుచ్చుకొనవలెను. ఒకవైపున సభ్యుల పంట యమ్మకము, ఒకవైపున సభ్యులకు కావలసిన దినుసుల యమ్మకము జరుగవలెను. వాకిట ఆనాటి ధరల పలక వ్రేలాడవలెను. ప్రభుత్వపు ముద్ర వేసిన కాటా అందరి యెదుట నుండవలెను. బయటి యంగళ్ళవారును ఆ పలకను చూచి తమ ధరను దిద్దుకొందురు. మన రాష్ట్రమున 1999 జనవరి 26న మొదలైన రైతుబజారుల సూత్ర మిదియే. రైతే అమ్మును, దళారి యుండడు, ధర పలకపై వ్రాయబడియుండును. అట్టి రైతుబజారు ఏ పట్టణమున కోరినను పాతబజారునకు దూరముగా విసరివేయక, దాని నానుకొని యుండునట్లు కోరవలెను. వేరుచేసినచో రెండును బలహీనమగును. చేర్చినచో ఒకదానికి వచ్చినవారు రెండవదానిలోను కొందురు.

రెండవ సూచన పురపాలక సంఘమువారికి. బజారు బాగు చేయుటయనగా బీదలను తొలగించుట యని కొన్నిచోట్ల అర్థము చేసికొనుచున్నారు. వీధి వెడల్పు చేయుదురు. మొదట లేచిపోవునది నేలపై గంప పెట్టుకొనిన స్త్రీ. 2014లో మన పార్లమెంటు చేసిన వీధి వర్తకుల చట్టము ఇందుకు వీలులేదనుచున్నది. ఏండ్ల తరబడి జనము కొనుచు అమ్ముచు నుండిన సహజమైన సంతస్థలమును ఆ చట్టము గుర్తించినది. వర్తకుల గణన పూర్తియై ధ్రువపత్రము లిచ్చువరకు ఎవరిని లేవగొట్టరాదు. పట్టణ కమిటీలో నూటికి నలుబదింటికి తక్కువ కాకుండ వీధి వర్తకులే, తాము ఎన్నుకొనిన ప్రతినిధులుగా నుండవలెను; వారిలో మూడవవంతు స్త్రీలు. జనసంఖ్యలో నూటికి రెండున్నర వంతువరకు వీధి వర్తకులకు చోటు చూపవలెను. అనగా నలుబదివేల జనాభాగల యూరిలో వేయిమంది వరకు. ఈ చట్టమును చదివి అడుగవలసినవారు వీధి వర్తకులు మాత్రమే కారు; వారిలో మన యిండ్ల స్త్రీలే పెక్కుమంది గనుక మనమును అడుగవలెను.

ఈ సందర్భమున ఒకరిని మఱువరాదు. శ్రీహరికోట దీవి యడవులలో తరతరములుగా బ్రదుకుచుండిన యానాదులు ప్రయోగకేంద్రము వచ్చినపుడు పెక్కుమంది తమ చోటును విడువవలసివచ్చినది. దేశమునకు కలిగిన కీర్తికి వెల చెల్లించినవారిలో వారు మొదటివారు. పులికాటు నీటిలో చేపలు పట్టువారును అట్టి బీదలే. బజారులో చేపలకు నీడగల యరుగు, నీటికుళాయి, మంచు, మురుగు పోవు కాలువ ఏర్పరచిన నాడు మొదటి వరుస వారికి దక్కవలెను. ఎండలో నేలపై నుంచిన చేప మధ్యాహ్నమునకు సగము ధరకు దిగును. నీడయు మంచును వారికి ఆ సగమును మిగుల్చును. తోరణద్వారమునకు పెట్టు సొమ్ముతో ఎన్ని యరుగులు కట్టవచ్చునో పురపాలక సంఘమువారు లెక్క చూచుకొందురుగాక.

సందర్శకులను మేము వలదనుట లేదు. నిత్యపు గిరాకిచే బలపడిన బజారునకు సందర్శకుడు లాభము. బలములేని బజారునకు సమ్మర్దము మాత్రమే. దొరవారిసత్రము మండలములోని నేలపట్టు చెరువు 1976నుండి పక్షుల రక్షితస్థానము. ఆ యూరివారు గూడబాతులను తరతరములుగా కాపాడుకొనుచు వచ్చిరి. పక్షుల రెట్టతో కలిసిన చెరువునీరు పైరునకు బలమని రైతులు చెప్పుదురు. పక్షిని కాపాడిన రైతునకు పక్షిని చూడవచ్చినవాని వలన నాలుగు రూపాయలు రావలదా? ప్రయోగపు దినములందును పక్షుల ఋతువునందును సంఘపుటంగడి వాకిట సభ్యుల యిండ్లలో చేసిన మరమరాలు, వేరుసెనగ యుండలు, మజ్జిగ, గూడూరు నిమ్మకాయల పానీయము, మన ప్రాంతపు బియ్యపు చిన్న మూటలు శుభ్రముగా, ధర వ్రాసి, అమ్మవచ్చును. ప్రయోగముల తేదీలు ముందే ప్రకటింపబడును గనుక ఎంత సిద్ధము చేయవలెనో మనకు తెలియును.

ఇక సొమ్మెక్కడిదని యడుగువారున్నారు. రాచ్‌డేలువారు కూడబెట్టినది స్వల్పమే. పెద్ద భవనముతో ఆరంభించిన సంఘము అద్దెకు చచ్చును. చిన్న కొట్టుతో ఆరంభించినది బేరముచే పెరుగును. మన జిల్లాలలో సహకార సంస్థలు కొన్ని మూతపడుట అందర మెఱిగినదే. అవి సొమ్ము లేక చెడినవానికంటె లెక్క లేక, సభ్యుల కన్ను లేక చెడినవే యెక్కువయని మా యభిప్రాయము. అందుచే మూడు నియమములను మొదటి దినముననే వ్రాసికొనవలెను. అరువు బేరము కూడదు; ఎంతటి పెద్దమనిషికైనను కూడదు. నెలకొకసారి జమాఖర్చులు అంగడి గోడపై అంటింపబడవలెను. అంగడిని నడపు కమిటీలో స్త్రీలుండవలెను. ఇంటి దినుసుల ధరయు నాణ్యతయు వారెఱిగినట్లు మన మెఱుగము.

సోదర రైతులారా! చెంగాళమ్మ గుడికి తలుపులు మూయు వాడుక లేదని పెద్దలు చెప్పుదురు. మన పేట బజారు తలుపులు మూతపడకుండుట మాత్రము అమ్మవారి పని కాదు, మన పని. రాబోవు మహాజన సభలో ప్రతి సంఘమును ఈ విషయమును కార్యక్రమమున చేర్చవలెనని కోరుచున్నాము. మొదట ఒక గణన జరుగవలెను: మన సభ్యుల కుటుంబములు నెలకేమేమి కొనుచున్నవి, ఎక్కడ కొనుచున్నవి, వారానికెన్ని గంపల కూరగాయలు, ఎన్ని లీటర్ల పాలు అమ్ముకొనుచున్నవి. రెండు పలకల కాగితముతో ఒక్క వారములో పూర్తియగు పని యిది. ఆ కాగితము చేతనుండగా పురపాలక సంఘము వాకిటికి పోయినవాడు యాచకుడు కాడు, బజారునకు ప్రాణముపోయువాడు. అతని మాట వినక తప్పదు.